అలివేలు వికృతి కాదు

రెండేళ్ల కిందట నేను ఒక పత్రికకు పంపిన వ్యాసం పరిశీలకుల చేతి మీదుగా తిరిగి వచ్చింది. దాని అంచున ఒక సూచన ఉంది. వ్యాసంలో 'అలివేలు' అని ఉన్న ప్రతిచోటా 'అలమేలు' అని సవరించాలి. మొదటిది వ్యవహారంలో ఏర్పడ్డ వికృతి, రెండవది సాధురూపం. ఆ వ్యాసం చిత్తూరు ప్రాంతపు కథల్లో స్త్రీపాత్రల పేర్ల గురించి. అయితే సూచన వచ్చిన చోట ఉన్నది పాత్ర పేరు కాదు. క్షేత్రపర్యటనలో నాతో ఒక పూటంతా మాట్లాడిన వృద్ధురాలి పేరు. ఆమె తన పేరు ఏమని చెప్పిందో అదే రాశాను. పరిశోధక విద్యార్థికి ప్రచురణ అవసరం. సవరించి పంపాను, అచ్చయింది. ఆమె పేరు ఇప్పుడొక పరిశోధన పత్రికలో అలమేలు.

ఆ సవరణను వెనక్కి తీసుకోవడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. తప్పు ఆ పరిశీలకులొక్కరిదే అయితే ఇంత రాయనక్కరలేదు. నా సిద్ధాంత గ్రంథం తొలి ప్రతిలో నేనే స్వయంగా ఒక పట్టిక వేశాను. ఎడమవైపు 'ప్రకృతి', కుడివైపు 'వికృతి'. ఎడమవైపు అలమేలు, వేంకటమ్మ, లక్ష్మి; కుడివైపు అలివేలు, ఎంగటమ్మ, లచ్చి. పట్టిక చూడటానికి పండితోచితంగా ఉంది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పేరు రూపాలను ఇలా మంచిదీ చెడ్డదీ అని రెండు నిలువు వరుసల్లో కూర్చోబెట్టే అలవాటు తెలుగు శాఖల్లో అందరికీ ఉన్నదే. అది భాషాశాస్త్రం ముందు నిలవదని, సాహిత్య పరిశోధనకు ఆధారాలను చెరిపేస్తుందని, పాత పేర్లకు ఆదరణ తిరిగి వస్తోందన్న నేటి సంబరంలో అసలు జరుగుతున్నదేమిటో కనబడనీయదని నా వాదం.

పేరు నడిచిన దారి

ముందుగా సాధురూపం సంగతి చూద్దాం. అలమేలు అన్న పేరుకు మూలం తమిళంలోని 'అలర్మేల్ మంగై'. అలర్ అంటే విరిసిన పువ్వు, మేల్ అంటే పైన, మంగై అంటే యువతి. పువ్వు మీద కొలువైన మగువ. నమ్మాళ్వారు తిరువాయ్‌మొళిలో తిరువేంగడముడైయానును ఈ మంగై నివసించే వక్షస్థలం కలవాడిగా సంబోధించాడు. వేంకటాచలం కింద తిరుచానూరులో కొలువైన అమ్మవారికి సంస్కృతం పెట్టిన పేరు పద్మావతి. అదే పువ్వు, వేరే భాష. తిరుచానూరుకు అలమేలుమంగాపురమనే వ్యవహారం కూడా ఉంది.

ఇప్పుడు 'అలర్మేల్' నుంచి 'అలమేలు' దాకా ఏం జరిగిందో గమనించాలి. మధ్యలోని రేఫ పోయింది. చివర అజంతం కోసం ఉకారం చేరింది. 'మంగై'లోని ఐకారం అకారమై 'మంగ' మిగిలింది. అంటే మనం సాధురూపమని గౌరవించే అలమేలు అప్పటికే అరిగిన రూపం. తమిళ పండితుడెవరైనా మన పరిశీలకుల పద్ధతినే పాటిస్తే, అలమేలు అని రాసిన చోటల్లా అలర్మేల్ అని దిద్దాల్సి వస్తుంది. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) శృంగార సంకీర్తనల నాయిక మనకు అచ్చులో అలమేలుమంగగా స్థిరపడింది. రేఫ పోయిన ఆ రూపాన్ని ఎవరూ వికృతి అనలేదు. అనకపోవడమే సరైనది.

తెలుగు చెవి ఈ పేరును ఊరకే అందుకోలేదు, తనకు తెలిసిన మాటలతో నింపుకుంది. మనకూ 'అలరు' అంటే పువ్వు. మన్మథుణ్ణి అలరువిలుకాడు అనడం కావ్యభాషలో మామూలే. 'మేలు' మనకు 'పైన' అనే కంటే 'మంచి' అనే ఎక్కువ స్ఫురిస్తుంది. తమిళుడికి పువ్వు మీది మగువ, తెలుగువాడికి మేలైన మంగ. ధ్వని నిలిచి అర్థం కొంత పక్కకు జరిగింది.

ఇక అక్కడి నుంచి అలివేలు దాకా ఉన్న దూరం ఎంత? అచ్చుల నడుమ మకారం వకారమవడం తెలుగు వ్యవహారంలో నిత్యం వింటున్నదే. మామ మావ అవుతాడు, మామిడి మావిడి అవుతుంది. రెండవ అక్షరంలోని హ్రస్వాచ్చు మారడమూ కొత్త కాదు. 'అలిమేలుమంగ' అన్న నడిమి రూపం అచ్చులోనూ విరివిగా కనిపిస్తుంది. 'అలివేణి' అన్న కావ్యపదం సామ్యం కూడా ఇందుకు తోడై ఉండవచ్చునని నా ఊహ. తుమ్మెదల వంటి జడ ఉన్నది అన్న అర్థం ఆడపిల్ల పేరుకు పరాయిగా తోచదు. ఏమైనా ఇవన్నీ నియమబద్ధమైన మార్పులు. అలర్మేల్ అలమేలు కావడానికి ఎంత క్రమం ఉందో అలమేలు అలివేలు కావడానికీ అంతే క్రమం ఉంది. మొదటి మెట్టును చరిత్ర అని, రెండవ మెట్టును చెడిపోవడం అని పిలవడానికి భాషలో కారణం లేదు. కారణం మరెక్కడో ఉంది.

పరిభాష విషయంలో మరొక మాట. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) తెలుగు పదాలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు తెగలు చేసింది. బడిలో మనం వల్లెవేసిన ప్రకృతి వికృతుల జంటలు తద్భవాలకు చెందినవి. సంస్కృత ప్రాకృతాల నుంచి పుట్టిన మాటలకు వర్తించేవి. అలమేలు సంస్కృతం కాదు, ప్రాకృతమూ కాదు. కనుక అలమేలు–అలివేలు జంటకు ఆ సంజ్ఞలు అతికించడమే పొరపాటు. త్రిలింగదేశ వ్యవహారంలో సిద్ధమై ఉన్నది దేశ్యమన్న సూరి నిర్వచనాన్ని అక్షరాలా తీసుకుంటే, చిత్తూరు పల్లెల్లో తరాలుగా సిద్ధమై ఉన్న అలివేలు దేశ్యమవుతుంది. కాదు, లక్షణవిరుద్ధం గనుక గ్రామ్యమంటారా? మనిషి పేరుకు లక్షణం ఏది? పిలిస్తే పలకడం తప్ప మరొకటి నాకు తోచడం లేదు.

తమిళం నుంచి వచ్చిన మిగిలిన స్త్రీనామాల పట్ల మనకు ఈ పట్టింపు లేకపోవడం విచిత్రం. 'తాయార్' మన నోట తాయారైంది. మంగతాయారు సలక్షణమైన తెలుగు పేరు. 'నాచ్చియార్' నాంచారైంది, బీబీ నాంచారమ్మను ఎవరూ నాచ్చియారమ్మగా దిద్దరు. సాహిత్య చరిత్రలో మొదటి కవయిత్రిగా మనం చెప్పుకునే తాళ్లపాక తిమ్మక్క పేరులో తిరుమల అరిగి తిమ్మ అయింది. తరిగొండ వెంగమాంబ (1730–1817) పేరులో వేంకటం వెంగమైంది, చివర 'అమ్మ' మాత్రం పండితుల చేతిలో 'అంబ' అయింది. సగం పల్లె, సగం పీఠిక. కవయిత్రి పేరైతే అరిగిన రూపమే చారిత్రకం. సమాచారం చెప్పిన ముసలమ్మ పేరైతే వికృతి. ఈ తేడా ధ్వని సూత్రాలలో దొరకదు.

ఎవరు ఏ పేరు

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగాలతో ఏర్పడింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాయే విడిపోయి తిరుపతి వేరైంది. గీతలు ఇన్నిసార్లు మారినా పెళ్లి సంబంధాలు మారలేదు. పుత్తూరు, నగరి, సత్యవేడు పక్క ఊళ్లలో అత్తింటి భాష ఒకటి, పుట్టింటి భాష ఒకటి అయిన ఇళ్లు ఎన్నో. అలాంటి ఇళ్లలో ఒకే మూలం నుంచి వచ్చిన రెండు పేర్లు పక్కపక్కనే బతుకుతాయి.

మా అవ్వ అలాంటి ఇంటి మనిషే. ఆమె పుట్టిల్లు తిరుత్తణి పక్క. ఆమె మేనత్త పేరు అలమేలు. ఆ మేనత్త పేరే పెట్టారు గాని, పుత్తూరు దగ్గరి మా పల్లెకు కోడలిగా వచ్చాక అందరి నోటా ఆమె అలివేలు, వయసు వచ్చాక అలివేలమ్మ, పొలం గట్ల మీద కేకవేస్తే అల్వేలు. మేనత్త అలమేలూ, కోడలు అలివేలూ ఒకే పెళ్లి పందిట్లో కూర్చున్నా ఎవరూ తికమకపడలేదట. వాడేవాళ్లకు అవి రెండు పేర్లు. ఒకే పేరని పట్టిక వేసినది నేను.

నేను తిరిగిన ఊళ్లలో విన్నంత మేరకు స్థూలంగా ఒక అమరిక కనిపిస్తుంది. పద్మావతి అందరిదీ, ముఖ్యంగా బడికి వెళ్లిన తరాలది. అలమేలు, అలమేలుమంగ, మంగతాయారు ఎక్కువగా వైష్ణవ కుటుంబాల్లోనూ, తమిళం మాట్లాడే ఇళ్లలోనూ వినబడతాయి. అలివేలు, మంగమ్మ సేద్యం ఇళ్లలో, కూలి ఇళ్లలో. మంగి అన్నది పెద్దవాళ్లు చిన్నవాళ్లను, ఆసాములు పనిమనుషులను పిలిచిన పిలుపు. దీనికి మినహాయింపులు లేవని అనను. మా పల్లెలోనే ఒకటి రెండున్నాయి. కాని ఈ రూపాల మధ్య దూరం కులానికీ కూలికీ సంబంధించిన దూరమని ఆ ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు. ఆ దూరాన్ని 'ప్రకృతి–వికృతి' అని రాసినప్పుడు మనం ఒక సామాజిక వాస్తవాన్ని వ్యాకరణంగా మార్చేస్తున్నాం. కథలో ఒక రచయిత తన పాత్రకు అలమేలు అని కాక అలివేలు అని పేరు పెడితే, ఆ ఒక్క మాటతో ఆమె ఇల్లు ఎక్కడో, పని ఏమిటో చెప్పినట్లే. పరిష్కర్త దాన్ని దిద్దితే కథలో ఒక వాక్యం కొట్టేసినట్లే.

కథాసాహిత్యం ఈ విషయంలో పరిశోధన కంటే ముందుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు తన పుస్తకానికి 'పచ్చ నాకు సాచ్చిగా' అని పేరు పెట్టాడు. ఆ శీర్షికను 'సాక్షిగా' అని దిద్ది ఉదాహరించే పరిశోధకుడు ఈనాడు ఉండడు. 'మునికన్నడి సేద్యం'లోని మునికన్నణ్ణి ఎవరూ సవరించరు. కేశవరెడ్డి నవల 'మునెమ్మ' ఆ పేరుతోనే మన పాఠ్యప్రణాళికల చర్చల్లోకి వచ్చింది. మాండలికం పుస్తకం అట్ట మీద ఉంటే శైలి, క్షేత్రపర్యటన పుస్తకంలో ఉంటే దోషం.

శాసనాల వారి దగ్గర నేర్చుకోవలసింది ఇంకా ఉంది. తిరుమలలో భోగ శ్రీనివాసమూర్తి వెండి విగ్రహాన్ని సమర్పించిన పల్లవ రాణి పేరు శాసనంలో సామవై. ఆ రూపాన్ని శ్యామావతి అనో మరొకటనో సంస్కరించి అచ్చువేసే సాహసం ఏ శాసన పరిష్కర్తా చేయడు. రాతి మీద ఉన్నది ఆధారం, ఆధారాన్ని దిద్దకూడదు, వ్యాఖ్యానించవచ్చు. అంతే కదా నియమం! రాతి మీది రాణికి వర్తించే నియమం ఫోనులో ధ్వనిముద్రణ చేసుకున్న ముసలమ్మకు ఎందుకు వర్తించదు?

మనకు నామవిజ్ఞానం కొత్తది కాదు. కేతు విశ్వనాథరెడ్డి కడప ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేసినది శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనే. ఊరి పేరులో ఒక అక్షరం మారితే దాని వెనుక చెరువుందా, గుట్టుందా, వలస ఉందా అని వెతికే ఓపిక ఆ తరం నుంచి మనకు వారసత్వంగా వచ్చింది. ఇంటిపేర్ల మీదా అలాంటి శ్రమ జరిగింది. ఇంటిపేరు మగవాడి వెంట నడుస్తుంది, ఊరి పేరు నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. ఆడమనిషికి పెళ్లితో ఇంటిపేరూ పోతుంది, ఊరూ పోతుంది. పుట్టింటి నుంచి ఆమె వెంట వచ్చేది పెట్టిన పేరొక్కటే. ఆ పేరు మెట్టినింట ఎలా మారిందన్నది ఆమె జీవితం గురించి దొరికే మొదటి లిఖిత సాక్ష్యం. దానికి ఊరి పేరుకు చూపించిన ఓపిక చూపించాం అని నేను అనలేను.

తిరిగి వస్తున్నది ఏది?

పాత పేర్లు పోతున్నాయని మన సభల్లో వాపోవడం ఒక ఆచారమైంది. అర్థం లేని కొత్త పేర్లు, అంకెలు లెక్కపెట్టి చేర్చే అక్షరాలు, తెలుగు నోరు తిరగని సంయుక్తాలు, ఇవన్నీ ఆ ఉపన్యాసాల్లో వస్తాయి. చివరికి 'అలమేలు వంటి అచ్చతెలుగు పేర్లు' అని ఒక నిట్టూర్పు. అచ్చతెలుగు అని మనం నిట్టూర్చే పేరు అచ్చమైన తమిళం! ఒకప్పుడు ఆ పేరూ పక్క భాష నుంచి భక్తి వెంట వచ్చిన కొత్త మోజే అయి ఉంటుంది. ఇప్పటి తల్లిదండ్రులు హిందీ వైపో సంస్కృత నిఘంటువు వైపో చూస్తే, అప్పటి తల్లిదండ్రులు కంచి వైపూ శ్రీరంగం వైపూ చూశారు. వాపోయేవారి బాధను తక్కువ చేయను. కాని పేర్ల చరిత్రలో స్వచ్ఛమైన నిన్న ఎక్కడా దొరకదు.

పేరు ఎంత త్వరగా పాతబడుతుందో చూడాలంటే తెలుగు సినిమా శీర్షికలు రెండు చాలు. 1965లో బి. విఠలాచార్య దర్శకత్వంలో వచ్చిన 'మంగమ్మ శపథం'లో మంగమ్మ వయసులో ఉన్న నాయిక. జమున ఆ పాత్ర వేసింది. అంతకు ముందు 1943లో జెమినీ వారి తమిళ చిత్రంలోనూ మంగమ్మ కథానాయికే. 1984లో కోడి రామకృష్ణ తీసిన 'మంగమ్మగారి మనవడు' నాటికి మంగమ్మ అమ్మమ్మ. భానుమతి ఆ పాత్ర. నాయికకు లేని 'గారి' కూడా వచ్చి చేరింది. పంతొమ్మిదేళ్లలో ఒక పేరు పెళ్లి కావలసిన పిల్ల నుంచి మనవడిని పెంచే పెద్దావిడ దాకా వెళ్లింది. ఆ తర్వాత పుట్టిన ఆడపిల్లకు మంగమ్మ అని పెట్టడం ఏ తల్లికైనా కష్టమే.

అలమేలు దారి వేరు. అన్నమయ్య రాగిరేకులు వెలికి వచ్చి, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారి శ్రమతో సంకీర్తనలు అచ్చయ్యాయి. తిరుమల తిరుపతి దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టింది. క్యాసెట్లు, కచేరీలు, 1997లో 'అన్నమయ్య' చలనచిత్రం. పల్లెలో ముసలివాళ్లతో పాటు ముసలిదవుతున్న పేరుకు పాట ద్వారా మళ్లీ వయసు వచ్చింది. ఈనాడు బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, సముద్రాలకు అవతలో ఉన్న చదువుకున్న దంపతులు బిడ్డకు అలమేలు అని పెట్టుకుంటున్నారంటే, ఆ పేరు వారికి అవ్వ దగ్గర నుంచి కాక సంకీర్తన దగ్గర నుంచి వచ్చింది. అందులో తప్పేమీ లేదు. కాని ఆ పాటల దారిన అలివేలు రాలేదు. సంకీర్తన సంపుటాలు పాతపేరుకు తెచ్చిన గౌరవమంతా ఒక్క రూపానికే దక్కింది. మిగిలిన రూపాలు అంతకు ముందు కంటే ఎక్కువ 'తప్పు' అయ్యాయి. అందుకే పాతపేరు తిరిగి వస్తోందన్న మాటను నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఒక రూపం తిరిగి వస్తోంది. దాని రాకతో మరొక రూపం చివరి ఆసరా కూడా పోగొట్టుకుంటోంది.

ఇది మా ఇంట్లోనే జరిగింది. బెంగుళూరులో ఉన్న మా పెదనాన్న కొడుకు తన కూతురికి అవ్వ పేరు పెడతానన్నప్పుడు ఇంటిల్లపాదీ సంతోషించాం. నామకరణం నాడు బియ్యంలో రాసిన పేరు అలమేలు. అవ్వ పేరు పెట్టామని అన్న అందరికీ చెప్పుకున్నాడు. అవ్వ బిడ్డను ఒళ్లో పెట్టుకుని ముద్దాడింది. సాయంత్రం నా పక్కన కూర్చుని నెమ్మదిగా అంది: "అది మా మేనత్త పేరు గదమ్మే. నా పేరు యాడుండాది?"

నేను జవాబు చెప్పలేదు. అన్నకు ఆ సాధురూపం ఎక్కడి నుంచి వచ్చిందని తర్వాత అడిగితే, "నువ్వే కదా మే, నీ పుస్తకంలో అసలు పేరు అదే అని రాసినావు" అన్నాడు. నా పట్టిక ఇంటి దాకా వెళ్లింది.

బల్లకు అవతల

ఇది ఇంటి ముచ్చటగా ముగిసి ఉంటే పరిశోధన పత్రికలో చెప్పనక్కరలేదు. అవ్వ పేరు రేషను కార్డులో అలివేలమ్మ. పట్టాదారు పాసుపుస్తకంలో అలమేలమ్మ. ఎప్పుడో రాసినవారు తమకు తెలిసిన మంచి రూపం రాశారు. ఆధార్‌లో పేరును మొదట ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఆ అక్షరాల నుంచి తెలుగు పుట్టించడం వల్ల ఆమె 'ఆలివెలమ్మ' అయింది. హ్రస్వం దీర్ఘమై, దీర్ఘం హ్రస్వమైంది. మూడు కాగితాలు, ముగ్గురు ఆడవాళ్లు. ఒక కార్యాలయంలో పెన్షను పని మీద వెళ్లినప్పుడు ముగ్గురూ ఒకరేనని ప్రమాణపత్రం తెమ్మన్నారు. తెచ్చాం. బల్లకు అవతల ఉన్న ఉద్యోగి మర్యాదస్థుడే. పత్రం చూసి, "అసలు కరెక్టు పేరు అలమేలమ్మ కదా, అన్నింట్లో అదే పెట్టించుకోండి" అని సలహా ఇచ్చాడు. ఆయన తెలుగు బాగా చదువుకున్నవాడని మాటల్లో తెలిసింది.

నాలుగు నెలలు పట్టిన ఆ పనిలో నాకు కోపం వచ్చింది ఆయన మీద కాదు. ఆయన వాడిన ప్రమాణం మన దగ్గర నేర్చుకున్నది. ఒకే పేరుకు అనేక రూపాలుండటం సహజమని, అవి దోషాలు కావని తెలుగు చదువు ఆయనకు నేర్పి ఉంటే, కాగితాల తేడా ఆయనకు అనుమానంగా తోచేది కాదేమో. కనీసం సలహా వేరుగా ఉండేది.

నా వాదం మీద రావలసిన అభ్యంతరాలు నాకు తెలుసు. అకారాది సూచికకు ఒక ప్రధాన రూపం కావాలి, లేకుంటే వెతికేవాడికి దొరకదు అంటారు. నిజమే. సూచికలో అలమేలు కింద అలివేలు చూడు అని, అలివేలు కింద అలమేలు చూడు అని వేయడానికి రెండు పంక్తులు చాలు. వెతుక్కునే సౌకర్యం కోసం ఒక రూపాన్ని ముందు పెట్టడం వేరు, మూలపాఠంలో రెండవదాన్ని కొట్టివేయడం వేరు. వ్యవహారభాష కోసం గిడుగు రామమూర్తి చేసిన వాదాన్ని ఒప్పుకుని, ఆ భాషలోనే వ్యాసాలు రాసుకుంటున్న మనం పేర్ల దగ్గరకు వచ్చేసరికి ఇంకా గ్రాంథిక పక్షానే ఉన్నామంటే ఆయన నవ్వుకునేవాడు.

రెండవ అభ్యంతరం బరువైనది, దాన్ని అంత తేలికగా దాటలేను. అలివేలు అని పిలిపించుకున్న ఆడవాళ్లలో చాలామంది ఆ పేరును ప్రేమించలేదు. బడిలో పిల్లలు వెక్కిరించారు, పనిచేసిన ఇళ్లలో చులకన చేశారు. వాళ్లలో కొందరు తామే అలమేలు అనో పద్మావతి అనో మార్చుకున్నారు, బిడ్డలకు ఆ నీడ పడని పేర్లు పెట్టుకున్నారు. 1983లో తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు దానికి పద్మావతి పేరే పెట్టారు, అందులో చదివి బయటికి వచ్చిన అలివేలమ్మల మనవరాళ్లు ఎందరో. వారికి అలివేలు గొప్ప పేరు, దాన్నే ఉంచుకోండి అని చెప్పే హక్కు నాకు లేదు. అవమానాన్ని మోసిన పేరును వదిలించుకోవడం వాళ్ల గెలుపు. దాన్ని మాండలిక ప్రేమతో నేను ఓటమిగా చిత్రించను. నేను అడిగేది దీనికి లోబడినదే. పేరు మార్చుకునే హక్కు పేరు గలవారిది. మార్చుకోమన్నా, మార్చుకోవద్దన్నా అది వారి నిర్ణయం. నాతో మాట్లాడిన ఆ వృద్ధురాలు తన పేరు మార్చుకోలేదు. మార్చినది నేనూ, పరిశీలకులూ కలిసి.

మూడవది, అమ్మవారి పేరును అపభ్రంశంగా రాయడం అపచారమన్న మాట. ఒకరిద్దరు పెద్దలు నాతో అన్నారు. తిరుచానూరు పంచమీతీర్థం నాడు కోనేటి దగ్గర నిలబడి వింటే, అలివేలుమంగా అని చేతులెత్తే గొంతులు ఎన్నో వినబడతాయి. అమ్మవారు ఇంతవరకు ఎవరినీ దిద్దినట్లు లేదు.

ఈ పత్రిక పరిశీలకులకు నా విన్నపం పరిమితమైనది. క్షేత్రపర్యటనలో మనిషి చెప్పిన పేరును చెప్పినట్లే ఉండనివ్వండి. కథలోని పేరును రచయిత రాసినట్లే ఉదాహరించనివ్వండి. మూలం చెప్పదలిస్తే అధోసూచికలో చెప్పవచ్చు, మూలపాఠంలో కాదు. పట్టికలు వేసే నావంటి విద్యార్థులు 'వికృతి' అని రాసినప్పుడు దేనికి వికృతి, ఎవరి లెక్కన అని ఒక ప్రశ్న వేయండి. ఆ ప్రశ్న నన్ను ఎవరూ వేయలేదు.

నా సిద్ధాంత గ్రంథంలో ఆ రెండు వరుసల పట్టికను తీసివేశాను. ఇప్పుడు ప్రతి రూపానికీ విడిగా ఒక ఆరోపం ఉంది: ఎక్కడ విన్నది, ఎవరు పిలిచినది, ఏ కథలో ఉన్నది, ఏ కాగితంలో ఏమని రాసి ఉన్నది. అలమేలు కింద అర్థం అన్న చోట పువ్వు మీది మగువ అని తేలికగానే రాశాను. అలివేలు కింద అర్థం అన్న గడి చాలా రోజులు ఖాళీగా ఉంది. పోయిన నెల దానిలో ఇలా రాశాను: "అలివేలు. పుత్తూరు, నగరి పక్క పల్లెల్లో ఆడవాళ్ల పేరు."